పాత రేడియోల మరమ్మతు – ఇంటిపట్టున వృత్తి

వాల్వు రేడియోను విప్పి బాగుచేయగలవారు మన ఊళ్ళలో అరుదైపోయినారు. అట్టి రేడియోను అటకమీదినుండి దించి, దుమ్ము తుడిచి, మరల మోగించుకొనవలెనని కోరేవారు మాత్రం ఏ నెలకానెల మా గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు. ఈ రెండిటి నడుమ ఒక చిన్న జీవనోపాధికి చోటున్నది. సాయంకాలపు వేళ సరదాకు సోల్డరింగు ఇనుము పట్టిన మిత్రులు కొందరు, దీనిని ఇంటిపట్టున చేసుకొనే వృత్తిగా మార్చుకొనవచ్చునా అని మమ్ము అడుగుతుంటారు. పదేండ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నాము కనుక, మాకు తెలిసినంతవరకు శ్రోతలతో ముచ్చటించదలచినాము.

మార్చుకొనవచ్చును. అయితే సరదాగా చేసిన పనికీ, రుసుము పుచ్చుకొని చేసిన పనికీ నడుమ ఒక గీత ఉన్నది. సరదాకు బాగుచేసిన సెట్టు మన బల్లమీదనే ఉంటుంది. పొగ వచ్చినా స్విచ్చి మన చేతికి అందుబాటులోనే ఉన్నది. రుసుము పుచ్చుకొన్న సెట్టు మన కంటికి దూరమై, మనమెరుగని ఇంట, మనమెరుగని గోడసాకెట్టులో, ఏ మనుమడి చేతికిందనో మోగుతుంది. ఈ ఒక్క సంగతిని మనస్సుకు పట్టించుకొన్నవారు ఈ వృత్తిలోకి రావచ్చును. పట్టనివారు ఎంతటి నేర్పరులైనా సరదాలోనే ఉండుట మేలు.

తెలుగువారి ఇండ్లలో దొరికే సెట్ల జాతులను మొదట చెప్పుకొందాము. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైనవి. హైదరాబాదులో దక్కన్ రేడియో 1930 దశకం నుండి పనిచేసి, 1950లో ఆలిండియా రేడియోలో కలిసినది. ఈ కేంద్రాలను వినడానికి కొన్న ఫిలిప్సులు, మర్ఫీలు, బుష్‌లు, జి.ఇ.సి.లు, నేషనల్ ఎకోలు నేటికీ బయటపడుతుంటాయి. పల్లెలకు కరెంటు రాకమునుపు కొన్న బ్యాటరీ సెట్లది వేరే కథ. వాటికి వాల్వుల తీగలను వేడిచేయడానికి ఒకటిన్నర వోల్టూ, ప్లేట్లకు 90 వోల్టులూ ఇచ్చే పెద్ద బ్యాటరీలు కావలె. అవి అంగళ్ళలో దొరకని వస్తువులు. కనుక ఆ సెట్టును బాగుచేయడమంటే, దానితోపాటు ఒక చిన్న పవర్ సప్లై పెట్టెను తయారుచేసి ఇవ్వడమే.

ట్రాన్సిస్టరు సెట్లు ఇంతకంటె తేలిక అనుకొంటారు. అన్నీ కావు. 1960 దశకపు సెట్లలో ఏ.ఎఫ్.114 మొదలు ఏ.ఎఫ్.117 వరకు గల జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. వాటి లోహపు డబ్బాలో, కాలక్రమాన, వెంట్రుకకంటె సన్నని తగరపు మీసాలు మొలుస్తాయి. ఆ మీసం లోపలి తీగను డబ్బాకు కలిపివేస్తే సెట్టు మూగబోతుంది. నాలుగు కాళ్ళలో డబ్బాకు చెందిన కాలును కత్తిరిస్తే పలుమార్లు ప్రాణం వస్తుంది. కొందరు పేరున్న మెకానిక్కులు దీనిని ఎరుగక ట్రాన్సిస్టరు దొరకదని సెట్టును తిప్పిపంపడం మేము చూచినాము.

ఇక వాల్వు సెట్లలో ప్రాణానికి సంబంధించిన భేదం ఒకటి కలదు. లోపల పవర్ ట్రాన్స్‌ఫార్మరు గలవి ఏ.సి. సెట్లు. వాటిలో ఇ.సి.హెచ్.81, ఇ.ఎల్.84 వంటి వాల్వులు ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మరు లేనివి ఏ.సి./డి.సి. సెట్లు. ఆ రోజులలో కొన్ని నగరాలలోని కొన్ని పేటలకు డి.సి. విద్యుత్తు సరఫరా అయ్యేది. అచటి కొరకు ఈ పద్ధతి అవసరమైనది. ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు తప్పుతుంది కనుక చవక సెట్లకు తరువాతి కాలంలోనూ అదే పద్ధతి నిలిచినది. ఇందులో యు.సి.హెచ్.81, యు.ఎల్.84, యు.వై.85 వంటి వాల్వుల తీగలన్నీ దండలో పూలవలె ఒకదాని వెనుక ఒకటిగా కట్టి ఉంటాయి. ఒక వాల్వు తీగ తెగితే అన్నీ ఆరిపోతాయి. అది చిన్న చిక్కు. పెద్ద చిక్కు ఏమనగా, ఈ సెట్ల ఇనుప చాసిస్‌కు గోడసాకెట్టులోని ఒక తీగ తిన్నగా కలిసి ఉంటుంది. రెండు కాళ్ళ ప్లగ్గును తిరగవేసి గుచ్చితే ఆ చాసిస్ అంతా 230 వోల్టులే.

కావున ఈ వృత్తికి దిగేవారు కొనవలసిన మొదటి సామాను మంచి మల్టీమీటరు కాదు, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. బల్లమీద ఏ ఏ.సి./డి.సి. సెట్టునైనా దాని ద్వారానే వెలిగించవలె. అది ఉన్నంత మాత్రాన రెండు చేతులూ సెట్టులో పెట్టరాదు. లోపల 200 వోల్టులకు పైబడిన తావులు ఉంటాయి. రెండు చేతులకు రెండు తావులు తగిలితే ఏ ట్రాన్స్‌ఫార్మరూ కాపాడదు. ఇంటి బోర్డులో ఆర్.సి.సి.బి. ఉన్నది కదా అనే ధైర్యం కూడా ఇక్కడ పనికిరాదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరుకు ఇవతల జరిగేదానిని అది పసిగట్టలేదు. ఎడమచేతిని వీపు వెనుక పెట్టుకొని కొలతలు తీయడం పాత మెకానిక్కుల అలవాటు. స్విచ్చి ఆపిన పిమ్మటకూడా పెద్ద కండెన్సర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. దానిని ఒక రెసిస్టెన్సు ద్వారా ఖాళీచేసిన తరువాతనే చేయి పెట్టవలె.

ఏండ్ల తరబడి మూలపడిన సెట్టును ఒక్కసారిగా కరెంటుకు తగిలించరాదు. ఎలక్ట్రొలైటిక్ కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. మైనపు కాగితపు కండెన్సర్లు మన కోస్తా తేమకు ఊరి ఉంటాయి. సెట్టుకు వరుసలో ఒక 100 వాట్ల బల్బును కట్టి వెలిగిస్తే, బల్బు ఒక్క క్షణం మెరిసి మందగించినచో ఊరట. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉన్నచో లోపల షార్టు ఉన్నదని అర్థం. ఇందుకు పనికివచ్చేది తీగ బల్బు మాత్రమే. ఎల్.ఇ.డి. బల్బు ఈ కొలువుకు పనికిరాదు. తీగ బల్బులు అంగళ్ళనుండి కనుమరుగవుతున్నవి కనుక ఎక్కడ కనబడినా నాలుగు కొని దాచుకొనడం మంచిది. మా ఇంట బియ్యపు డబ్బా పక్కన వాటికొక డబ్బా ఉన్నది.

పాత సెట్టులో అన్నిటికంటె మోసకారి భాగం అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు ముందుండే కప్లింగ్ కండెన్సరు. చూపుకు చిన్నది, ధర స్వల్పం. అది కొద్దిగా లీకయినా గ్రిడ్డుమీదికి పాజిటివ్ వోల్టేజి చేరుతుంది. వాల్వు మితిమీరి కాగుతుంది. పాట మాత్రం వస్తూనే ఉంటుంది, కొంచెం బొంగురుగా. సరదా మెకానిక్కు పాట వచ్చినదని సంతోషించి వెనుక అట్ట బిగిస్తాడు. సెట్టు కొన్నాళ్ళు మోగి, ఏ పండుగనాడో వాల్వు పాడై, గోరుచుట్టుపై రోకటిపోటు వలె అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిపోతుంది. ఏ.సి. సెట్టు అయితే అవుట్‌పుట్ వాల్వును ఊడదీసి, గ్రిడ్డు తావున మీటరు పెట్టి చూడవలె. సున్న ఉండవలసిన చోట రెండు మూడు వోల్టులు కనబడినా ఆ కండెన్సరు పని అయిపోయినట్లే. ఏ.సి./డి.సి. సెట్టులో వాల్వు తీస్తే దండ తెగుతుంది కనుక, వాల్వును ఉంచే చూడవలె. మేమయితే ఈ కొలత కొరకు కూడా ఆగము. మైనపు కాగితపు కండెన్సరు ఆ తావున ఉన్నదంటే మార్చివేస్తాము.

దీనికి తోడు, బయటి ఇంటికి పంపే సెట్టులో అడగకుండానే మార్చవలసినవి ఇంకా రెండున్నవి. రబ్బరు తొడుగు బిరుసెక్కి పెచ్చులూడే కరెంటు వైరు ఒకటి. ఏ.సి./డి.సి. సెట్టులో ఏరియల్ సాకెట్టుకూ లోపలి కాయిలుకూ నడుమ ఉండే చిన్న కండెన్సరు రెండవది. ఆ కండెన్సరు షార్టయిననాడు ఏరియల్ తీగ మీది కరెంటు దండెంమీద బట్టలు ఆరవేసే ఇల్లాలి చేతికి తగులుతుంది. నేడు ఇట్టి తావులకై ప్రత్యేకంగా చేసిన, వై తరగతికి చెందిన కండెన్సర్లు దొరుకుతున్నవి; వాటినే వేయవలె. ఇట్టి సెట్టుకు వెనుక అట్ట లేకుండా, నాబుల మరలు బయటికి కనబడేటట్లు ఇంటికి పంపరాదు. యజమాని ఎంత తొందరపెట్టినా అట్ట కోసి బిగించిన పిమ్మటనే సెట్టు గడప దాటవలె.

ఇచట ఒక ముచ్చట చెప్పవలసి ఉన్నది. ఒక పెద్దావిడ తమ భర్త వాడిన చిన్న బేకలైటు సెట్టును తెచ్చినారు. నాబు ఒకటి విరిగిపోతే, కాంపౌండరుగా పనిచేసిన ఆయన, ఇంజక్షను సీసా రబ్బరు మూతను దాని స్థానంలో తొడిగినారట. రబ్బరు గట్టిపడి నెర్రెలు విచ్చినది. క్రొత్త నాబు తగిలిస్తామంటే ఆమె ఒప్పలేదు. "అది మాత్రం తీయకు నాయనా, ఆయన చేత్తో పెట్టినది," అన్నారు. అది ఏ.సి./డి.సి. సెట్టు, మూత కింది ఇనుప ఇరుసు చాసిస్‌ను అంటి ఉన్నది. మూతను ఉన్నదున్నట్లు వదలితే నెర్రెలోనుండి ఆమె వ్రేలికి షాకు తప్పదు. తీసివేస్తే సెట్టు ఆమెది కాకుండా పోతుంది. రెండు రోజులు ఆలోచించి, ఇరుసుకు ఇన్సులేటరు గొట్టం ఒకటి గట్టిగా తొడిగి, దానిమీద ఆ మూతనే బిగించినాము. మీటరు పెట్టి చూపిన పిమ్మట ఆమె నాబు తిప్పి, "అమ్మయ్య, అదే పట్టు," అన్నారు. ఆ గొట్టానికి ఎంత రుసుము వేయవలెనో మాకు నేటికీ తెలియదు. సెట్టును పుచ్చుకొనేటప్పుడే, "ఇందులో ఏది ముట్టరాదు?" అని అడగడం అప్పటినుండి మా అలవాటు.

మార్చిన భాగాలన్నిటినీ ఒక కాగితపు పొట్లంలో కట్టి యజమానికి తిరిగి ఇవ్వవలె. కొందరు పాత కండెన్సరు గుల్లలో క్రొత్తదానిని దాచి, మైనంతో మూసి, చూపుకు పాతదానివలె అమరుస్తారు. అది ముచ్చటైన పనే. చాసిస్ అందం చెడదు. అయితే ఆ సంగతిని చీటీమీద వ్రాసి ఇవ్వవలె. లేనిచో రేపు ఆ సెట్టును కొన్నవాడు అంతా అసలు సరుకేనని నమ్మి మోసపోతాడు.

నేటి కుర్రవారు తెచ్చే కోరిక వేరు. రేడియో పెట్టె పాతదిగా ఉండవలె, పాట మాత్రం చేతిఫోనునుండి రావలె. ఇందులో మాకు చిన్నచూపు లేదు. ఆకాశవాణి కార్యక్రమాలు ఫోనులోనూ వినబడుతున్నవి. గ్రామఫోను కొరకు వెనుక పికప్ సాకెట్టులున్న ఏ.సి. సెట్టు అయితే, దేనినీ కోయకుండా అక్కడినుండే కలపవచ్చును. ఏ.సి./డి.సి. సెట్టుకు ఆ పని చేయరాదు. చార్జి అవుతున్న ఫోను వైరు ద్వారా సెట్టు కరెంటు మనిషి చెవిదాకా పోతుంది. తీగతో కలపకుండా, బ్యాటరీతో నడిచే బ్లూటూత్ పెట్టెను ఐసొలేషన్ గల చిన్న ట్రాన్స్‌ఫార్మరు ద్వారా కలపడం ఒక దారి. అంతకంటె, ఆ సెట్టుకు ఆ కోరిక తగదని చెప్పి పంపడం ఇంకొక దారి. మేము ఎక్కువగా రెండవదే చేస్తాము. మంచి మర్ఫీ చాసిస్‌ను పారవేసి, ఖాళీ పెట్టెలో చైనా బోర్డు బిగించుమని వచ్చినవారికి మరొక చోటు చూచుకొమ్మని చెప్పడానికి మాకు మొగమాటం లేదు.

ఇక డబ్బు మాట. సరదాలో కాలానికి లెక్క లేదు. వృత్తి చెడేది అక్కడనే. ఒక సెట్టుకు 14 గంటలు పట్టినదనుకొందాము. భాగాలకు 600 రూపాయలైనవి. మీరు 2,600 పుచ్చుకొంటే, గంటకు దక్కినది 143 రూపాయల లోపే. వాల్వు కొరకు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీకో, మద్రాసు రిచీ స్ట్రీటుకో తిరిగిన పూటనూ, యజమాని తన బాల్యం చెప్పుకొంటూ కూర్చున్న గంటనూ కలిపి మొత్తం 18 గంటలని వ్రాసుకొంటే అది 111కి దిగుతుంది. ఆ మొత్తాన్ని మీ ఊరి ఎలక్ట్రీషియను సంపాదనతో పోల్చి చూచుకొనవలె. తెగిన డయల్ తాడు ఏ చక్రం మీదుగా ఎన్ని చుట్లు పోయినదో కనుగొనడానికే ఒక మధ్యాహ్నం గడచిపోయిన రోజులున్నవి. ఆ మధ్యాహ్నాన్ని యజమాని ఖాతాలో పూర్తిగా వేయలేము. అటువంటి సెట్టు రెండవసారి వచ్చినప్పుడు పనికివస్తుందని తాడు దారిని బొమ్మగీసి దాచుకొనవలె.

కనుక పరీక్షకు వేరుగా, మరమ్మతుకు వేరుగా రుసుము పెట్టుకొనడం న్యాయం. విప్పి, కొలిచి, ఇది ఇంతవుతుందని కాగితంమీద వ్రాసి చెప్పడానికి ఒక రుసుము. వారు వద్దనుకొంటే సెట్టును మరల బిగించి ఇచ్చివేయవలె. కొన్ని సెట్లను విప్పినప్పుడు కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లవుతుంది. అక్షరాలా ఎలుక గూడే కనబడుతుంది, కాయిళ్ళ సన్నతీగలన్నీ కొరికివేసి ఉంటాయి. అట్టి సెట్టును బాగుచేయడానికయ్యే ఖర్చుతో మోగే సెట్టును మరొకదానిని కొనవచ్చును. ఆ మాట చెప్పినందున ఆనాటికి రాబడి పోతుంది, నిజమే. బంధువుల సెట్లకూ అదే పరీక్ష రుసుము. "మనవాళ్ళే కదా" అని మొదటి సెట్టుకు పుచ్చుకొనకపోతే, ఆ ఏడు పెళ్ళిళ్ళలో కలిసిన ప్రతి పినతండ్రి ఇంటినుండీ ఒక గ్రామఫోను దిగుతుంది.

గ్రామఫోనులు, టేపు రికార్డర్లు కూడా ఈ పనిలో భాగమే. గ్రామఫోనుకు స్ప్రింగు డబ్బాలోని గట్టిపడిన గ్రీజు, సౌండుబాక్సులోని రబ్బరు ముఖ్యం. టేపు రికార్డరుకు తారువలె కరిగిన బెల్టు. నేర్వడం కష్టం కాదు.

ఇది సంసారాన్ని ఒంటరిగా మోసే వృత్తి అని మేము చెప్పజాలము. మా పుస్తకంలో ఒక నెల తొమ్మిది సెట్లు, మరుసటి నెల ఒక్కటీ లేని పుటలు ఉన్నవి. పింఛను గలవారికీ, వైరింగు పనియో ఇన్వర్టర్ల మరమ్మతో చేతిలో ఉన్నవారికీ ఇది చక్కగా అతుకుతుంది. ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వస్తామన్నవారిని మేము ఆపినాము; కనీసం ఏడాదిపాటు గంటలూ రూపాయలూ వ్రాసి చూడుమన్నాము. ప్రభుత్వం వారి ఉద్యమ్ నమోదు 2020 జూలై నుండి అమలులో ఉన్నది, అందుకు రుసుము లేదు. సేవలమీది రాబడి ఏడాదికి 20 లక్షలు మించనిదే జి.ఎస్.టి. నమోదు సాధారణంగా అవసరపడదు. ఇంటి మీటరుతో ఈ పని చేయవచ్చునో లేదో విద్యుత్ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకొనడం మంచిది.

ఇంటిలోనివారి సమ్మతి అన్నిటికంటె ముందుండవలసినది. నడవలో బల్ల వేసుకొని చేసే పని కాదిది. తలుపు వేసి గొళ్ళెం పెట్టుకొనగల గది కావలె. గది మొత్తానికి కరెంటు తీసివేసే స్విచ్చి తలుపు వెలుపల ఉండవలె. అది ఎక్కడ ఉన్నదో, ఎప్పుడు తీయవలెనో ఇంట ప్రతివారికీ తెలిసి ఉండవలె. సోల్డరులో సీసం ఉంటుంది. చేతులు కడుగుకొననిదే అన్నానికి కూర్చుండరాదు. కొన్ని పాత సెట్లలో వేడి తగలకుండా వాల్వుల పైభాగాన ఆస్బెస్టాసు రేకు అంటించి ఉంటుంది. దానిని గీకరాదు, దుమ్ము ఊదరాదు.

చివరగా, సెట్టు అప్పగించేటప్పుడు వారి ఇంటికి పోయి మోగించి చూపడం మా పద్ధతి. ఏలననగా, మా బల్లమీద 837 కిలోహెర్ట్జ్‌ల వద్ద విజయవాడను తేటగా పలికిన సెట్టు, వారి ఇంట బుర్రుమనవచ్చును. తప్పు సెట్టుది కాదు. చవక ఎల్.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు మీడియం వేవ్ అంతటా రొదను నింపుతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆర్పి చూపితే యజమానికి సంగతి బోధపడుతుంది. మేడమీద పది గజాల తీగ కట్టి, ఉరుముల వేళ దానిని ఊడదీయుమని చెప్పి వస్తాము.

ఇక, సెట్టును అటకమీదినుండి దించబోయే శ్రోతలకు ఒక మనవి. మోగుతుందేమో చూద్దామని దానిని ప్లగ్గులో పెట్టకండి. వెనుక అట్ట విప్పకండి. తడిగుడ్డతో డయల్ అద్దాన్ని తుడవకండి, ఊళ్ళ పేర్ల అక్షరాలు గుడ్డకు అంటుకొని వస్తాయి. నాబు ఊడి ఉంటే వెదకి, అడుగున పడిన మరలతో సహా ఒక పొట్లంలో కట్టి, పాత రసీదో సర్క్యూట్ కాగితమో పెట్టెలో దొరికితే దానినీ జతచేసి తీసుకొనిరండి.